టర్బో కారుకి ఆయిల్ క్యాచ్ క్యాన్: పెట్టాలా వద్దా, పెడితే ఏది, దాన్ని ఖాళీ చేసేదెవరు? గోదావరి డెల్టాలో కార్లు నడిపేవాళ్ల కోసం

మా కారు బానెట్ ఎత్తి చూసినవాళ్లు ముందుగా అడిగేది బ్యాటరీ పక్కనున్న నల్ల డబ్బా గురించే. దాని పేరు ఆయిల్ క్యాచ్ క్యాన్. ఇంజిన్లోంచి వచ్చే వాయువులోని ఆయిల్, నీళ్లు మళ్లీ ఇంజిన్ పీల్చే గాలిలో కలవకుండా పట్టుకునే డబ్బా ఇది. మొన్న పుష్యమాసంలో దాని మూత విప్పితే పాలెక్కువైన కాఫీ రంగులో చిక్కటి నురగ వచ్చింది. పక్కన నిలబడ్డ మా బావకి కంగారు పుట్టింది. ఇంజిన్లోకి నీళ్లెళ్లిపోయాయని, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్లో కూలెంట్, ఆయిల్ కలవకుండా ఆపే అడ్డు) పోయిందని అనుకున్నాడు. ఏమీ పోలేదు. భీమవరం ఊళ్లో రోజుకి మూడు నాలుగు కిలోమీటర్ల చొప్పున తిరిగే టర్బో (ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న కారులో చలికాలం ఆ నురగ రావడం మామూలే.

ఆ రోజే మా బావ తన డీజిల్ బండికీ ఒకటి పెట్టించమన్నాడు. వెంటనే సరే అనలేకపోయాను. ఆయన బండి వేరు, తిరిగే దారి వేరు. పైగా డబ్బా ఖాళీ చేసే ఓపిక ఆయనకి ఉందో లేదో నాకు తెలీదు. నా దృష్టిలో ఈ ఎంపిక మొత్తం ఆ ఆఖరి మాట మీదే ఆధారపడి ఉంది. క్యాచ్ క్యాన్ బిగించడం ఒక పూట పని. దాన్ని చూసుకోవడం కారు మన దగ్గర ఉన్నన్నాళ్లూ ఉండే పని. ఖాళీ చెయ్యని డబ్బా కంటే అసలు డబ్బా లేకపోవడమే ఇంజిన్‌కి మేలు.

## అసలు ఆ డబ్బాలోకి వచ్చేదేంటి

పిస్టన్ రింగులు ఎంత బిగుతుగా ఉన్నా, సిలిండర్లో మండిన వాయువు కొంత సందుల్లోంచి కిందికి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి దిగుతుంది. దీన్ని బ్లో-బై అంటారు. టర్బో ఇంజిన్లో సిలిండర్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇది కూడా ఎక్కువగానే ఉంటుంది. ఆ వాయువు పైకొచ్చేటప్పుడు ఆయిల్ తుంపరనీ, నీటి ఆవిరినీ, మండకుండా మిగిలిన పెట్రోలునీ వెంటబెట్టుకొస్తుంది. దాన్ని గాల్లోకి వదలడానికి వీల్లేదు. అందుకని కంపెనీవాళ్లు మళ్లీ ఇంజిన్ పీల్చే గాలిలోకే కలుపుతారు. ఆ దారి మధ్యలో బిగించేదే క్యాచ్ క్యాన్.

పెట్రోలు టర్బోలో ఇందుకు సాధారణంగా రెండు దారులుంటాయి. బండి ఆగి ఉన్నప్పుడూ, నెమ్మదిగా పోతున్నప్పుడూ ఇంటేక్ మేనిఫోల్డులో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) వాక్యూమ్ ఉంటుంది కాబట్టి పీసీవీ వాల్వు (ఈ వాయువుని పంపే వాల్వు) ద్వారా నేరుగా అందులోకి పోతుంది. యాక్సిలరేటర్ తొక్కి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) వచ్చినప్పుడు ఆ దారిలో, ఒకవైపే తెరుచుకునే చెక్ వాల్వు మూసుకుంటుంది. అప్పుడు వాయువు రెండో గొట్టం గుండా టర్బోకి ముందున్న గాలి పైపులోకి పోతుంది. డీజిల్లో మేనిఫోల్డు వాక్యూమ్ అలా ఉండదు. అందుకే మామూలుగా ఒకటే దారి, టర్బో ముందుకి. డీజిల్ బండికి డబ్బా బిగించడం తేలికవడానికి కారణం ఇదే. పెట్రోలు బండిలో రెండు దారుల్లో ఒకదానికే డబ్బా పెట్టి పనైపోయిందనుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి మేనిఫోల్డు వైపు దారి ముఖ్యం. హైవే మీద పరుగెత్తే బండికి టర్బో వైపు దారి ముఖ్యం.

ఇక ఆ కాఫీ రంగు సంగతి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టే డబ్బాలో నీళ్లు చేరుతున్నాయని మనవాళ్లు అనుకుంటారు. తేమ పాత్ర కొంత ఉండొచ్చు. అయితే అసలు కారణం వేరే. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్లోంచి బయటికి పోతుంది. బ్లో-బైతో పాటు కాస్త కిందికి దిగుతుంది. ఇంజిన్ ఆయిల్ బాగా వేడెక్కితే ఆ నీరు మళ్లీ ఆవిరై పోతుంది. మీటర్లో కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, ఆయిల్ దానికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. ఇంటి నుంచి మార్కెట్‌కి, మార్కెట్ నుంచి బడికి వెళ్లి ఇంజిన్ ఆపేస్తే ఆ నీరు పోవడానికి సమయం దొరకదు. చల్లటి డబ్బాలోకి ఆవిరిగా వచ్చి అక్కడే నీళ్లుగా మారి నిలిచిపోతుంది.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మీ ఇంజిన్‌కి ఇంధనం ఎక్కడ పడుతుంది? అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజక్షన్ ఇంజిన్లలో ఇంటేక్ వాల్వుల వెనక భాగాన్ని పెట్రోలు తాకదు. ఆయిల్ తుంపర అక్కడ అంటుకుని, కాలి, బొగ్గులా పేరుకుంటుంది. హ్యుందాయ్, కియా 1.0 టీ-జీడీఐ, వోక్స్‌వ్యాగన్, స్కోడా 1.0 టీఎస్ఐ, 1.5 టీఎస్ఐ, మారుతి ఫ్రాంక్స్‌లోని 1.0 బూస్టర్‌జెట్ ఈ కోవలోవి. టాటా నెక్సాన్ 1.2 టర్బో పెట్రోలు, నిస్సాన్ మాగ్నైట్, రెనో కైగర్ 1.0 టర్బో మాత్రం పోర్ట్ ఇంజక్షన్. వాటిలో పెట్రోలు వాల్వుల మీదుగానే పోతుంది, పోతూ కడుగుతుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓలో రెండు రకాలూ ఉన్నాయి, టీసీఎంపీఎఫ్ఐ అంటే పోర్ట్, టీజీడీఐ అంటే డైరెక్ట్. పోర్ట్ ఇంజక్షన్ బండి ఉన్నవాళ్లు డబ్బు ఖర్చు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి.

రోజూ ఎంత దూరం, ఏ దారి? ఎన్‌హెచ్ 16 మీద తణుకు నుంచి రాజమండ్రికి రోజూ వెళ్లొచ్చే బండి డబ్బాలో ఎక్కువగా ఆయిల్ ఉంటుంది, కొంచెమే ఉంటుంది. అమలాపురం ఊళ్లోనే తిరిగే బండి డబ్బాలో నీళ్లూ పెట్రోలూ కలిసి చాలా ఉంటాయి. ఏ డబ్బా కొనాలన్నదానికంటే ఎన్నాళ్లకి విప్పాలన్నది దీన్నిబట్టి తేలుతుంది.

ఖాళీ చేసే చెయ్యి ఎవరిది? మీదా, డ్రైవరుదా, మెకానిక్‌దా? మెకానిక్ అయితే సర్వీసుకి సర్వీసుకి మధ్య ఆ డబ్బా వైపు ఎవరూ చూడరన్న లెక్కతోనే కొనాలి.

వారంటీ ఎంత మిగిలుంది? గొట్టాల అమరిక మారిస్తే, రేపు టర్బోకో సీల్‌కో సమస్య వచ్చినప్పుడు కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి ఒక కారణం మనమే ఇచ్చినట్టవుతుంది. వారంటీ ఉన్నన్నాళ్లూ ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

బండి నీళ్లలోకి దిగుతుందా, ఉప్పుగాలిలో ఉంటుందా? గోదావరికి వరదొస్తే కనకాయలంక కాజ్‌వే లాంటివి మునుగుతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్ల బండ్లలో మామూలు ఇనుప క్లిప్పులు తొందరగా తుప్పుపడతాయి. వరద, ఉప్పుగాలి రెండూ డబ్బా ఎక్కడ బిగించాలో, ఏ క్లిప్పులు వాడాలో నిర్ణయిస్తాయి.

## ఒకటో మార్గం: డబ్బా లేకుండానే నడపడం

దీన్ని తక్కువగా చూడకండి. కంపెనీ ఇచ్చిన ఇంజిన్లోనే ఆయిల్‌ని వేరుచేసే అమరిక లోపల ఉంటుంది. దానికి తోడు మనం చెయ్యగలిగినవి కొన్నున్నాయి. మాన్యువల్లో తీవ్ర వాడకం అని రాసి తక్కువ గడువు ఇచ్చి ఉంటే ఆ గడువుకే ఆయిల్ మార్చాలి. చిన్న దూరాలు, దుమ్ము, ఎక్కువసేపు ఐడ్లింగ్ (బండి ఆగి ఉండగా ఇంజిన్ ఆన్‌లో ఉంచడం) దాని కిందకే వస్తాయి, అంటే మన ఊళ్లలో తిరిగే చాలా బండ్లు తీవ్ర వాడకం బండ్లే. ఆయిల్ గేజి కడ్డీ మీద పై గీత దాటేలా ఎప్పుడూ పొయ్యకూడదు. ఎక్కువైన ఆయిల్ క్రాంకు తిరుగుడికి చిలికి తుంపరై పైకి పోతుంది. షెడ్డులో చేత్తో అంచనాకి పోసేవాళ్ల దగ్గర పక్కనే నిలబడి కడ్డీ చూసుకోండి.

ఇంకొకటి ఆయిల్ గ్రేడు. చిన్న డైరెక్ట్ ఇంజక్షన్ టర్బోల్లో తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే మిశ్రమం సమయానికి ముందే అంటుకునే సమస్య ఉంది. సిలిండర్లోకి చేరిన ఆయిల్ చుక్కలు దానికి ఒక కారణం. 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం సంస్థ) ఎస్పీ అనే ఆయిల్ ప్రమాణంలో దీనికి విడిగా పరీక్ష ఉంది. మాన్యువల్ ఏది చెబితే అదే పొయ్యాలి. మాన్యువల్లో ఏపీఐ గ్రేడు మాత్రమే ఉంటే ఎస్పీ తీసుకోండి.

వారానికి ఒకసారైనా నలభై నిమిషాలు ఆగకుండా నడపండి. భీమవరం వాళ్లకి పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా రాజోలు వెళ్లి రావడం చాలు. ఆయిల్లోని నీరు చాలావరకు పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, మెకానిక్ అక్కర్లేదు.

ఈ మార్గంలో లోటు ఒక్కటే. డైరెక్ట్ ఇంజక్షన్ బండిలో చాలా ఏళ్ల తర్వాత వాల్వుల మీద బొగ్గు చేరితే మేనిఫోల్డు విప్పి శుభ్రం చెయ్యాల్సి రావచ్చు. అక్రూటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి బొగ్గు రాల్చే పద్ధతి ఉంది. ఆ పరికరం మన ఊళ్ల షెడ్లలో అరుదు, పెద్ద నగరానికి తీసుకెళ్లాలి. పెట్రోలులో కలిపే క్లీనర్ సీసాలు వాల్వుల వెనక్కి చేరవు కాబట్టి ఈ పనికి ఉపయోగపడవు.

## రెండో మార్గం: అడుగు గిన్నె విప్పే చిన్న డబ్బా

ఆన్‌లైన్లో ఎక్కువగా దొరికేది ఇదే. పైన మూత, లోపల అడ్డు పలకలో స్టీలు జాలో, కింద మరలతో విప్పే గిన్నె. ధర తక్కువ, చోటు తక్కువ.

దీని గొప్ప గుణం, గిన్నె చేతికి రావడం. నురగని గుడ్డతో తుడిచెయ్యొచ్చు, అడుగున ఏముందో కళ్లతో చూడొచ్చు. ఏం వచ్చిందో చూడ్డం ఎంత వచ్చిందో కొలవడం కంటే ముఖ్యం, అది కింద చెబుతాను. లోటు ఏంటంటే పట్టేది తక్కువ. ఊళ్లోనే తిరిగే బండికి చలికాలంలో తరచూ విప్పాల్సి వస్తుంది. విప్పిన ప్రతిసారీ రబ్బరు ఓ-రింగు నలుగుతుంది, ఒకటి రెండు అదనంగా దగ్గర పెట్టుకోవాలి. అల్యూమినియం మర అడ్డంగా ఎక్కితే ఇక డబ్బా పనికిరాదు.

కొనేటప్పుడు లోపల ఏముందో తప్పకుండా చూడండి. ఖాళీ డబ్బా అమ్మేవాళ్లున్నారు. అందులో ఏ అడ్డూ లేకపోతే వాయువు లోపలికొచ్చి అలాగే బయటికి పోతుంది. కొందరు అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు కూరుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అది తుప్పుపట్టి, పోగులు తెగి గాలితో పాటు ఇంజిన్లోకి పోతుంది.

## మూడో మార్గం: కుళాయి ఉన్న పెద్ద డబ్బా

డబ్బా అడుగున చిన్న కుళాయి, దానికో గొట్టం, ఆ గొట్టం బంపర్ కిందకో చక్రం పక్కకో వస్తుంది. సీసా పెట్టి కుళాయి తిప్పితే చాలు. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి మానకుండా చేస్తాం. చిన్న డబ్బా మానేసి నేను దీనికి మారడానికి కారణం అదే.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది నురగ. చల్లగా ఉన్నప్పుడు అది సన్నటి కుళాయిలోంచి దిగదు. పైన తేరిన నీళ్లు పోయి, చిక్కటిది గోడలకి అంటుకుని ఉంటుంది. ఖాళీ అయిందనుకుంటాం, కాలేదు. బండి నడిపి వచ్చాక, డబ్బా గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే బాగా దిగుతుంది. అయినా ఏడాదికి రెండుసార్లు మూత విప్పి లోపల కడగాల్సిందే.

రెండోది కుళాయి సరిగ్గా మూసుకోకపోవడం. పోయినేడాది ఒక సాయంత్రం తొందరలో కుళాయి పూర్తిగా తిప్పకుండా బయల్దేరాను. సిద్ధాంతం వంతెన దాటుతుంటే ఐడిల్ ఎగుడుదిగుడై ఇంజిన్ దీపం వెలిగింది. స్కానర్ పెట్టించి చూస్తే మిశ్రమంలో గాలి ఎక్కువైందన్న కోడు వచ్చింది. సెన్సర్ లెక్కలోకి రాని గాలి కుళాయిలోంచి మేనిఫోల్డులోకి పోతోందన్నమాట. కుళాయి మూసి కోడు తీసేయించాక మళ్లీ రాలేదు. అప్పట్నుంచి గొట్టం కొసకి ఇత్తడి ప్లగ్గు బిగిస్తున్నాను. మీరూ బిగించండి. ప్లగ్గు లేకపోతే ఇంకో ప్రమాదం ఉంది. కారే ఆయిల్ వేడి టర్బో మీదో సైలెన్సర్ మీదో పడితే మంట పుట్టొచ్చు. గొట్టాన్ని వాటికి దూరంగా తీసుకెళ్లాలి.

## నాలుగో మార్గం: ఫిల్టర్ ఎలిమెంటు ఉన్నది, డీజిల్ బండ్లకి

మా బావకి చివరికి చెప్పింది దీని గురించే. ఆయన బండి ఆకివీడు, ఉండి ఊళ్ల వైపు చెరువు గట్ల మీద తిరుగుతుంది. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి కిలోమీటరో రెండో పోయి, ఏసీ వేసుకుని గంటసేపు ఇంజిన్ ఆన్‌లో పెట్టి మేత వేయిస్తూ నిలబడతాడు. డీజిల్లో ఈజీఆర్ (పొగ కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే అమరిక) నుంచి వచ్చే మసీ, ఈ ఆయిల్ తుంపరా కలిస్తే మేనిఫోల్డులో తారులా పేరుకుంటుంది. మాన్+హమ్మెల్ ప్రోవెంట్ లాంటి వాటిలో తుంపరని పట్టే ఎలిమెంటు ఉంటుంది. అది మూసుకుపోతే ఒత్తిడిని బయటికి వదిలే రక్షణ వాల్వు కూడా ఉంటుంది. మామూలు జాలీ డబ్బా కంటే సన్నటి తుంపరని బాగా పడుతుంది.

దీని ఖర్చు కొన్నప్పటితో ఆగదు. తయారీదారు చెప్పిన గడువుకి ఎలిమెంటు మార్చాలి. చవక నకలు ఎలిమెంటు వేసి, గడువు దాటించి, క్రాంక్‌కేసు ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారితే మిగిలే ఖర్చు డబ్బాది కాదు, ఇంజిన్‌ది.

బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ ఉన్నవాళ్లకి ఇంకో మాట, ఇది డబ్బా ఉన్నా లేకున్నా వర్తిస్తుంది. పొగలోని మసి పట్టే ఫిల్టర్ అయిన డీపీఎఫ్‌ని శుభ్రం చేసుకోవడానికి ఇంజిన్ మధ్యమధ్యలో అదనంగా డీజిల్ చిమ్ముతుంది. చిన్న దూరాలు నడిపి మధ్యలోనే ఆపేస్తుంటే ఆ డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. కడ్డీ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతుంది. పెరిగిందంటే సంతోషించాల్సింది కాదు, ఆయిల్ పలచబడిపోతోందని అర్థం. చెరువుల మీద తిరిగే బండికి డబ్బా కంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది పదిహేను రోజులకోసారి కడ్డీ చూడ్డం, వారానికోసారి ఎన్‌హెచ్ 165 మీదో ఎన్‌హెచ్ 216 మీదో బండిని కాసేపు ఆగకుండా నడపడం.

## గాలికి వదిలే డబ్బా వద్దు

పైన చిన్న ఫిల్టర్ టోపీ ఉండి, వాయువుని మళ్లీ ఇంజిన్‌కి పంపకుండా బయటికి వదిలే రకం కూడా అమ్ముతారు. రేసు ట్రాకు కోసం పుట్టింది. బీఎస్-6 బండిలో క్రాంక్‌కేసు వాయువు గాల్లోకి వదలకూడదన్నది నిబంధన. పైగా సిగ్నల్ దగ్గర ఆగితే ఆ వాసన ఏసీ లోంచి కారులోకే వస్తుంది, వెనక సీట్లో పిల్లలుంటారు. దీని గురించి ఇంతకంటే రాయను.

## ఒక చూపులో

| మార్గం | ఖాళీ చేసే పని | చలికాలం, ఊళ్లో తిరుగుడు | ఖర్చు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| డబ్బా లేకుండా | లేదు. ఆయిల్ మార్పు త్వరగా | వారానికో పొడుగు ప్రయాణం ఉంటే చాలు | అదనపు ఆయిల్ మార్పులు | పోర్ట్ ఇంజక్షన్, వారంటీలో ఉన్న బండి, తీరిక లేనివాళ్లు |
| గిన్నె విప్పేది | చేతికి మరకలవుతాయి, కానీ పూర్తిగా శుభ్రమవుతుంది | తరచూ విప్పాలి | తక్కువ | సొంతంగా పని చేసుకునేవాళ్లు, హైవే బండ్లు |
| కుళాయిది | రెండు నిమిషాలు. ఏడాదికి రెండుసార్లు కడగాలి | బాగా తట్టుకుంటుంది | మధ్యస్థం | డైరెక్ట్ ఇంజక్షన్, రోజూ ఊళ్లో తిరిగే బండి |
| ఎలిమెంటుది | కుళాయితో పాటు ఎలిమెంటు మార్పు | ఎలిమెంటు త్వరగా తడుస్తుంది | ఎక్కువ, మళ్లీ మళ్లీ | వారంటీ దాటిన డీజిల్ |

## ఎన్నాళ్లకి ఖాళీ చెయ్యాలి

ఫలానా కిలోమీటర్లకి అని ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మకండి. ఒకే మోడల్ బండ్లు రెండూ పక్కపక్క వీధుల్లో ఉన్నా ఒకేలా రావు. మీ బండి లెక్క మీరే కట్టుకోవాలి. కొత్తగా బిగించాక 500 కి.మీ.కి ఒకసారి విప్పి చూడండి. వచ్చింది గీతలున్న సీసాలో పోసి ఎన్ని మి.లీ. ఉందో, ఏ రంగో, ఏ నెలో ఒక చీటీ మీద రాసుకోండి. డబ్బా పావు వంతు కూడా నిండకపోతే 1,000 కి.మీ.కి పెంచండి. ఎప్పుడూ సగం దాటనివ్వకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. నిండిపోతే మలుపులోనో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడో అందులోని నీళ్లూ ఆయిలూ ఒక గుక్కగా ఇంజిన్లోకి పోతాయి. డబ్బా లేకపోతే కొంచెం కొంచెంగా పోయేది ఇప్పుడు ఒకేసారి పోతుంది. డీజిల్లో ఇది ఇంకా ప్రమాదం. ఎక్కువ ఆయిల్ లోపలికి పోతే దాన్నే ఇంధనంగా మండించుకుని, తాళం తిప్పినా ఇంజిన్ ఆగకుండా పరుగెత్తే అవకాశం ఉంది.

మా బండి చీటీలో ఎండాకాలం అంకెలు చిన్నవి. కార్తీకం నుంచి మాఘం దాకా రెట్టింపు దాటుతాయి, అదంతా నీళ్లే. కాబట్టి దీపావళి వెళ్లగానే గడువు సగానికి తగ్గిస్తాను, శివరాత్రి తర్వాత మళ్లీ పెంచుతాను. మంచు దేశాలవాళ్లు డబ్బాలో నీళ్లు గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుందని హెచ్చరిస్తుంటారు. మనకి ఆ భయం లేదు, వీడియోలు చూసి కంగారుపడకండి.

హైదరాబాద్ నుంచి సంక్రాంతికి వచ్చేవాళ్లు సుమారు 400 కి.మీ. హైవే మీద వచ్చి, పండగ నాలుగు రోజులూ ఊళ్లో బంధువుల ఇళ్లకి తిరిగి, మళ్లీ హైవే ఎక్కుతారు. బయల్దేరే ముందు ఒకసారి, తిరుగు ప్రయాణానికి ముందు ఒకసారి ఖాళీ చేసుకుంటే సరిపోతుంది.

## వచ్చినదాన్ని చదవడం

డబ్బా వల్ల వచ్చే లాభాల్లో నేను ఎక్కువ విలువిచ్చేది దీనికే. ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో ఆ సీసా చెబుతుంది.

పాలకాఫీ రంగు నురగ డబ్బాలో ఉంటే నీళ్లు, చిన్న ప్రయాణాలు, అంతే. అదే రంగు ఆయిల్ గేజి కడ్డీ మీద కనిపిస్తే, కూలెంట్ కూడా తగ్గుతుంటే, అప్పుడు బండి నడపకుండా మెకానిక్‌ని పిలవండి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త నురగ ఉండి కడ్డీ శుభ్రంగా ఉంటే అది కూడా చిన్న ప్రయాణాల సంగతే.

పలచగా ఉండి పెట్రోలు వాసన గుప్పుమంటే ఆయిల్లో పెట్రోలు కలుస్తోంది. ఒక పొడుగు ప్రయాణం చేసి మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఆయిల్ మార్చి, ఇంజెక్టర్లు చూపించండి.

నల్లగా చిక్కగా, నీళ్లు లేకుండా, మీ చీటీలో ఉన్న అంకెకి రెండు మూడు రెట్లు ఒక్కసారిగా వస్తే ముందు ఆయిల్ ఎక్కువ పోశారేమో చూడండి. కాకపోతే పీసీవీ వాల్వు, ఆ తర్వాత సిలిండర్ల ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష. రింగులు అరిగితే ముందుగా తెలిసేది ఇక్కడే. చీటీ రాయనివాళ్లకి ఈ తేడా కనపడదు.

వరద నీళ్లలోంచి బండి పోయాక డబ్బాలో తేటగా నీళ్లు కనిపిస్తే, కడ్డీ, ఎయిర్ ఫిల్టర్ పెట్టె రెండూ విప్పి చూడనిదే స్టార్ట్ చెయ్యకండి.

## విప్పే రోజు

ఇంజిన్ ఆపి, కాస్త చల్లారాక, డబ్బా గోరువెచ్చగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టండి. అందులో పెట్రోలు కలిసి ఉంటుంది కాబట్టి దగ్గర్లో బీడీ, సిగరెట్, దీపం ఉండకూడదు. చేతులకి తొడుగులు వేసుకోండి.

మూత విప్పే రోజైతే జాలీని బ్రేక్ క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఓ-రింగుకి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి బిగించాలి. గొట్టాలు వేళ్లతో నొక్కి చూడండి. మెత్తబడి ఉబ్బినా, పగుళ్లు కనిపించినా మార్చాలి. నీళ్ల గొట్టం, కూలెంట్ గొట్టం ఈ పనికి పనికిరావు, ఆయిల్‌ని తట్టుకునే రబ్బరే కావాలి. కంపెనీ గొట్టం కంటే సన్నది వెయ్యకూడదు, సన్నబడితే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరుగుతుంది. ఇంజిన్ నుంచి డబ్బా దాకా వచ్చే గొట్టం ఎక్కడా ఉయ్యాలలా కిందికి వేలాడకూడదు, ఆ ఒంపులో నీళ్లు నిలుస్తాయి. క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు వాళ్లు ఇందులో డబ్బు మిగుల్చుకోవద్దు.

అన్నీ బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు చెవి పెట్టి వినండి. ఈలలాంటి శబ్దం వస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది.

తీసిన ద్రవాన్ని మళ్లీ ఇంజిన్లో పొయ్యకూడదు. కాలవలో, డ్రైన్లో, చెరువు గట్టు మీద అసలే పారబొయ్యకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన దగ్గర పంటకాలవ నీళ్లే చేలకీ చెరువులకీ పోతాయి, చాలా ఊళ్లలో మంచినీళ్ల చెరువుకి కూడా అవే. నీటి మీద పరుచుకున్న ఆయిల్ పొర గాలిని కిందికి పోనివ్వదు, రొయ్యకి ఆక్సిజన్ ఎంత ముఖ్యమో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి వస్తుంది. నేను పాత లీటరు ఆయిల్ డబ్బాలో పోసి, మూత బిగించి, పిల్లలకి అందని చోట పెడతాను. ఆయిల్ మార్పించే రోజు దాన్ని షెడ్డుకి తీసుకెళ్లి, వాడిన ఆయిల్ పీపాలో నా చేత్తోనే వంపి వస్తాను.